తేలిన దుంగ, ఆరిన చెక్క

మా నాన్న వడ్రంగి. బరంపురంలో మూడు తరాలుగా మాది ఇదే పని. కిందటేడు ఎండాకాలంలో నాన్న ఒక ఇంటికి టేకు తలుపులు చేసి బిగించారు. రెండు నెలలు తిరక్కుండానే పలకల మధ్య పోస్టుకార్డు దూరేంత సందులు వచ్చేశాయి. ఇంటివాళ్ళు మిగతా డబ్బులు ఇవ్వలేదు. కర్ర అమ్మినాయన "నేను ఆరిన కర్రే ఇచ్చాను, మీ పనితనమే బాగోలేదు" అన్నాడు. నాన్న తట్టి చూసే కొన్నారు. పైన ఆరినట్టే ఉంది, లోపల పచ్చి. కానీ ఆ మాట రుజువు చేసేదెట్లా?

ఈ సంగతి తాతగారితో అంటే ఆయన రంగం కథ ఎత్తుకున్నారు. రంగం అంటే రంగూను, మావైపు అలాగే అంటారు. తాతగారి నాన్నగారు గోపాలపూర్ రేవులో స్టీమరెక్కి బర్మా వెళ్ళి, రంపపు మిల్లులో పనిచేశారు. గంజాం జిల్లా అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, 1936లో ఒరిస్సాలో కలిసింది. అక్కడ మన తెలుగువాళ్ళను కోరంగి రేవు పేరుమీద 'కొరంగీలు' అనేవారు. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగూను మీద బాంబులు వేశాక ముత్తాత ఉలి, చిత్రిక కూడా వదిలేసి ఇల్లు చేరారట.

ఆయన తెచ్చుకున్నది ఒక్క ముచ్చట. పచ్చి టేకు దుంగను నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. బర్మా అడవుల్లో కర్రను ఐరావతి నది మీదుగా తేల్చి తేవాలి. అందుకని చెట్టును వెంటనే కొట్టరు. మొదట్లో చుట్టూ బెరడునీ, దాని కింది లేత చెక్కనీ చేవదాకా గాటు పెట్టి వదిలేస్తారు. చెట్టు నిలువునా చచ్చి, రెండు మూడేళ్ళు నిలబడే ఆరుతుంది. అప్పుడు నరికి, ఏనుగులతో లాగించి నదిలో వేస్తారు. తేలితే ఆరినట్టు, మునిగితే పచ్చి! అంటే కర్రలో నీటిని కొలిచే కొలత నది అన్నమాట. నాకైతే ఇంతకన్నా తెలివైన పద్ధతి తోచలేదు. కానీ తలుపు చేయడానికి తేలితే చాలదు, ఎంత ఆరిందో అంకె కావాలి.

ఆ అంకె రాబట్టే పద్ధతి చాలా సులువు. ముక్కను తూచాలి. 103 డిగ్రీల వేడిలో, బరువు ఇంక తగ్గదు అనేదాకా ఎండబెట్టి మళ్ళీ తూచాలి. పోయిన బరువు నీరు. దాన్ని ఎండిన చెక్క బరువుతో భాగించి వందతో హెచ్చిస్తే తేమ శాతం. అందుకే బాగా పచ్చి కర్రలో తేమ 100 శాతం దాటినా ఆశ్చర్యం లేదు. 1906లో అమెరికాలో టీమన్ అనే ఆయన ఇంకో సంగతి కనిపెట్టారు. చెక్క కణాల బోలులో ఉన్న నీరు పోయేంతవరకూ బరువే తగ్గుతుంది, కొలతలు మారవు. ఇంచుమించు 25, 30 శాతం కిందికి దిగి, కణాల గోడల్లోని నీరు పోవడం మొదలైతే అప్పుడు చెక్క ముడుచుకుంటుంది. అదీ వెడల్పులోనే, పొడవులో దాదాపు ఏమీ ఉండదు. నాన్న తలుపుల్లో నిలువు సందులే ఎందుకు వచ్చాయో నాకు అప్పుడు అర్థమైంది. మన దేశంలో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ పెట్టిందీ ఆ 1906లోనే. తరవాత 1930 ప్రాంతంలో కరెంటు మీటర్లు వచ్చాయి. ఎండిన చెక్కలో కరెంటు సరిగ్గా పారదు, తడి ఉంటే పారుతుంది. రెండు సూదులు గుచ్చితే చాలు, అంకె చూపిస్తుంది. మన దేశపు ప్రమాణాల్లో గాలి తేమను బట్టి దేశాన్ని నాలుగు మండలాలు చేశారు. తేమ బాగా ఉండే మండలంలో పలుచని తలుపు చెక్కకు 14 శాతం దాటకూడదు.

ఈసారి నాన్న కర్ర కొనగానే పక్కపక్కనే రెండు ముక్కలు కోయించాను. రెండూ 62 గ్రాములే. ఒకదాన్ని మా సైన్సు మాస్టారు తెలిసిన కాలేజీ ల్యాబులో ఎండబెట్టించారు. 50 గ్రాములు తూగింది. అంటే 24 శాతం! నాన్న ఆ కాగితం తీసుకెళ్ళి చూపిస్తే, అమ్మినాయన గొణుక్కుంటూ ధర కొంత తగ్గించాడు. పాత బాకీ మాత్రం ఇంకా రాలేదు.

పలకలు ఇప్పుడు మా వసారాలో, మధ్య మధ్య సన్న బద్దలు పెట్టి, దొంతరగా ఉన్నాయి. రెండో ముక్క వాటి మధ్యే ఉంది. ప్రతి ఆదివారం కంసాలి మామయ్య త్రాసు మీద తూస్తున్నాను. నిన్నటికి 59 గ్రాములు. 57కి దిగాక చిత్రిక పడతానని నాన్న అన్నారు.