లాగిన్ దాటని కంప్యూటర్: ఫార్మాట్‌కు ముందు చూడవలసినవి

భిలాయ్: కంప్యూటర్ వెలుగుతుంది. తెర మీద పేరు, చిత్రం కనిపిస్తాయి. పాస్‌వర్డ్ కొట్టిన తరువాత మాత్రం అడుగు ముందుకు పడదు. చక్రం తిరుగుతూ ఉండిపోతుంది, లేదా తెర నల్లబడుతుంది, లేదా మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఈ స్థితిలో యంత్రాన్ని మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే తరచుగా వినిపించే సలహా ఒక్కటే: ఫార్మాట్ కొట్టించండి. కంప్యూటర్ పని చేయడం మొదలుపెడుతుంది గాని, అందులో అప్పటివరకూ దాచుకున్నది ఉండదు.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ వంటి ఉక్కు నగరంలో ఆ నష్టం చిన్నది కాదు. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో ఇక్కడ కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు సెక్టార్ల క్వార్టర్లలో స్థిరపడ్డాయి. తొలి తరం పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేస్తుంటే, పింఛను కాగితాల ప్రతులు, పెళ్లి ఫొటోలు, ఊళ్లోని పొలం దస్తావేజుల స్కాన్లు ఇంట్లో మిగిలిన ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటాయి. దానిని బాగుచేయడానికి తోడ్పడేవారు ఎక్కువగా ఫోన్‌లోనే దొరుకుతారు. అందువల్ల యంత్రం ఏ దశలో ఆగిందో స్పష్టంగా చెప్పగలగడం సగం మరమ్మతుతో సమానం.

దశలు మూడు. పాస్‌వర్డ్‌ను యంత్రం అసలు అంగీకరించకపోవడం మొదటిది. అంగీకరించి, వినియోగదారుని ప్రొఫైల్‌ను తెరవలేకపోవడం రెండవది. ప్రొఫైల్ తెరుచుకున్నా డెస్క్‌టాప్ రాకపోవడం మూడవది. "పాస్‌వర్డ్ తప్పు" అన్న సందేశం వస్తే మొదటిది. "స్వాగతం" అన్న మాట వచ్చి అక్కడే నిలిచిపోతే రెండవది లేదా మూడవది. ఈ తేడా తెలియకుండా చేసే ప్రతి ప్రయత్నమూ చీకట్లో రాయి విసరడమే.

పాస్‌వర్డ్ సరైనదే, కీబోర్డే వేరు

మొదటి దశలో అతి సాధారణమైన కారణం మతిమరుపు కాదు, కీబోర్డు అమరిక. భిలాయ్‌లోని తెలుగు ఇళ్లలో ఒకే కంప్యూటర్‌లో ఇంగ్లిష్, హిందీ, తెలుగు అమరికలు మూడూ ఉండడం వింత కాదు. పిల్లల హిందీ ప్రాజెక్టు కోసం మార్చిన అమరిక లాగిన్ తెరలోనూ కొనసాగితే, కొట్టే ప్రతి అక్షరం దేవనాగరిలో పడుతుంది. పాస్‌వర్డ్ గడిలో చుక్కలు మాత్రమే కనిపిస్తాయి కనుక పొరపాటు బయటపడదు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో భారతీయ భాషలన్నింటికీ ఒకే ధ్వని ఒకే మీట మీద ఉంటుంది. టైపు చేసేవారికి ఇది వరమే గాని, ఇంగ్లిష్ పాస్‌వర్డ్‌కు మాత్రం శాపం.

లాగిన్ తెర కుడివైపు అడుగున ఏ భాష సూచిక ఉందో ముందు చూడాలి. విండోస్ మీటతో పాటు స్పేస్ మీట నొక్కితే అమరిక మారుతుంది. గడి చివరనున్న కన్ను గుర్తును నొక్కి పట్టుకుంటే కొట్టిన అక్షరాలు కనిపిస్తాయి. క్యాప్స్ లాక్ సంగతి అందరికీ తెలిసినదే. నమ్ లాక్‌ను మాత్రం చాలామంది మరచిపోతారు. కీబోర్డు కుడివైపు అంకెలతో పిన్ కొట్టే అలవాటున్నవారికి అది ఆగిపోతే ఒక్క అంకె కూడా పడదు.

పాస్‌వర్డ్ నిజంగానే గుర్తులేకపోతే మార్గం ఖాతాను బట్టి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే ఫోన్ నుంచే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. కాని ఆ మార్పు తెలియాలంటే కంప్యూటర్ ఇంటర్నెట్‌కు కలిసి ఉండాలి. లాగిన్ తెర మీదనే వైఫై గుర్తు ఉంటుంది. ఆ యంత్రానికే పరిమితమైన స్థానిక ఖాతా అయితే, ఏర్పాటు సమయంలో ఇచ్చిన భద్రతా ప్రశ్నల జవాబులు పనికి వస్తాయి. పదే పదే ఊహించి కొట్టడం మంచిది కాదు. విండోస్ 11 కొత్త కూర్పులలో వరుసగా 10 తప్పులు జరిగితే ఖాతాకు 10 నిమిషాల పాటు తాళం పడే ఏర్పాటు ఉంది.

ఒక విచిత్రమైన కారణం పాత డెస్క్‌టాప్‌లలో కనిపిస్తుంది. మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీ ఉంటుంది; దాని పేరు సీఆర్ 2032. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ గడియారం ఏళ్ల వెనక్కి వెళుతుంది. తేదీ తప్పితే ఆన్‌లైన్ ఖాతాతో జరిగే సురక్షిత సంభాషణ విఫలమవుతుంది. తెర మీది తేదీని ఒకసారి చూసి ఉంటే, బ్యాటరీ మార్పుతో తేలిపోయే పనికి కొత్త విండోస్ ఎక్కించవలసిన అవసరం రాదు.

తాత్కాలిక ప్రొఫైల్ అనే వల

రెండవ దశలో జాగ్రత్త ఎక్కువ అవసరం. ప్రతి వినియోగదారుని అమరికలు, డెస్క్‌టాప్, పత్రాలు సి డ్రైవ్‌లోని యూజర్స్ అనే ఫోల్డర్‌లో వారి పేరు మీద ఉంటాయి. యంత్రం నడుస్తుండగా కరెంటు పోవడం, డిస్క్ నిండిపోవడం, యాంటీవైరస్ అడ్డుపడడం వంటి కారణాల వల్ల ఆ ఫోల్డర్‌లోని అమరికల ఫైలు చెడిపోవచ్చు లేదా అందకపోవచ్చు. అప్పుడు విండోస్ లోనికి రానివ్వకుండా ఆపేస్తుంది, లేదా ఒక ఖాళీ తాత్కాలిక ప్రొఫైల్‌ను తెరిచి చేతికిస్తుంది.

ఈ రెండవదే ఎక్కువ మోసం చేస్తుంది. డెస్క్‌టాప్ వస్తుంది, కాని ఒక్క ఫైలూ ఉండదు. అన్నీ పోయాయని గుండె జారిపోతుంది. నిజానికి పాత ఫోల్డర్ సాధారణంగా చెక్కుచెదరకుండా తన చోటనే ఉంటుంది. అసలు ప్రమాదం తరువాత వస్తుంది: ఆ ఖాళీ డెస్క్‌టాప్ మీద కొత్తగా దాచినదంతా లాగ్ అవుట్ కాగానే చెరిగిపోతుంది. కనుక అక్కడ ఏ పనీ మొదలుపెట్టకూడదు. ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూడాలి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. సరిపోకపోతే కొత్త ఖాతా ఒకటి సృష్టించి, పాత ఫోల్డర్‌లోని పత్రాలు, ఫొటోలను అందులోకి నకలు చేసుకోవడం అన్నింటికన్నా క్షేమం. రిజిస్ట్రీలోని ప్రొఫైల్ జాబితాను సరిదిద్దే పద్ధతి కూడా ఉంది గాని, అలవాటు లేని చేతులు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

నల్లని తెర, ఆగని చక్రం

మూడవ దశలో మొదటి మందు ఓపిక. పెద్ద అప్‌డేట్ తరువాత పాత హార్డ్ డిస్క్ ఉన్న యంత్రం గంటసేపు తీసుకున్నా ఆశ్చర్యం లేదు. మధ్యలో మీట నొక్కి ఆపితే చిన్న సమస్య పెద్దదవుతుంది. తెర నల్లగా ఉండి మౌస్ బాణం మాత్రం కదులుతుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కాలి. టాస్క్ మేనేజర్ వస్తే ప్రొఫైల్ తెరుచుకున్నట్లే. అందులోని రన్ న్యూ టాస్క్ ద్వారా ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామ్‌ను నడిపితే డెస్క్‌టాప్ రావచ్చు. బాణం కూడా కనిపించకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు కలిపి నొక్కడం ద్వారా డిస్‌ప్లే డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెట్టవచ్చు. ప్రింటర్, పెన్ డ్రైవ్, వెబ్‌క్యామ్ వంటివన్నీ తీసివేసి ప్రయత్నించడం చిన్న పనే అయినా తరచు ఫలిస్తుంది.

అప్పటికీ కదలకపోతే సేఫ్ మోడ్ ఉంది. లాగిన్ తెర మీది పవర్ గుర్తులో రీస్టార్ట్‌ను షిఫ్ట్ మీట పట్టుకుని నొక్కాలి. నీలి తెర మీద ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ వరుసగా ఎంచుకుని, మళ్లీ మొదలైన తరువాత 4 నొక్కాలి. ఈ మోడ్‌లో కొన్నిసార్లు పిన్ పని చేయదు, పూర్తి పాస్‌వర్డ్ కావలసి వస్తుంది. సేఫ్ మోడ్‌లో లాగిన్ సజావుగా సాగితే దోషం డ్రైవర్‌లోనో, విండోస్‌తో పాటు మొదలయ్యే ఏదో ప్రోగ్రామ్‌లోనో ఉందని తెలుస్తుంది. ఇటీవల చేర్చిన వాటిని తొలగించాలి. అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో చివరి అప్‌డేట్‌ను తీసివేసే వీలు, ముందు తేదీ స్థితికి తీసుకువెళ్లే సిస్టమ్ రిస్టోర్ కూడా ఉంటాయి. రెండూ వ్యక్తిగత పత్రాలను ముట్టుకోవు.

లినక్స్ వాడేవారికి ఇదే జబ్బు మరో రూపంలో వస్తుంది. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా ఒక్క క్షణం తెర మిణికి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి అక్షరాల తెరలో లాగిన్ కాగలిగితే పాస్‌వర్డ్‌లో దోషం లేదు. డిస్క్ పూర్తిగా నిండిపోవడం, హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్ అథారిటీ ఫైలు యాజమాన్యం పొరపాటున రూట్ పేరు మీదికి మారడం, గ్రాఫిక్స్ డ్రైవర్ చెడడం: ఈ మూడింటినీ ఆ వరుసలోనే చూడాలి.

డిస్క్ నుంచి టకటక శబ్దం వస్తున్నా, మామూలు కన్నా ఎన్నో రెట్లు నెమ్మదించినా పై ప్రయత్నాలన్నీ ఆపివేయాలి. చెడిపోతున్న డిస్క్ మీద మరమ్మతు ప్రోగ్రామ్‌లు నడిపితే మిగిలినదీ పోవచ్చు. ముందు నకలు, తరువాతే మరమ్మతు.

48 అంకెల తాళం

లాగిన్ సాధ్యం కాకపోయినా ఫైళ్లను బయటికి తీయవచ్చునన్నది చాలాకాలంగా సాంకేతిక నిపుణుల ధైర్యం. పెన్ డ్రైవ్ నుంచి లినక్స్‌ను నడిపి యూజర్స్ ఫోల్డర్‌ను నకలు చేయవచ్చు, లేదా డిస్క్‌ను విప్పి మరో కంప్యూటర్‌కు తగిలించవచ్చు. పాత యంత్రాలకు ఇది ఇప్పటికీ వర్తిస్తుంది. కొత్తవాటి విషయంలో పరిస్థితి మారింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ఏర్పాటు చేసిన చాలా విండోస్ 11 కంప్యూటర్లలో డిస్క్ అంతా దానంతటదే రహస్య సంకేతాల్లోకి మారుతుంది. దొంగ చేతికి చిక్కినా చదవలేడు. తాళంచెవి లేకపోతే యజమానీ చదవలేడు.

ఆ తాళంచెవి 48 అంకెల రికవరీ కీ. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు లాగిన్ తెర వరకైనా రాలేక కుప్పకూలినప్పుడు దాని విలువ తెలిసివచ్చింది. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఆ రోజు దేశమంతా చూసింది. పరిష్కారం సులువే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలును తొలగించాలి. కాని డిస్క్‌కు తాళం ఉన్న చోట ప్రతి యంత్రానికీ దాని కీ వెతికి పట్టుకోవలసి వచ్చింది.

ఇంటి కంప్యూటర్ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాగి ఉంటుంది; ఫోన్ నుంచి ఆ ఖాతా తెరిచి చూడవచ్చు. చిక్కు ఏమిటంటే, అది కంప్యూటర్‌ను మొదట ఏర్పాటు చేసిన ఖాతాలోకి వెళుతుంది. కొన్న రోజున దుకాణంవారు తమ ఈమెయిల్‌తోనో, దూరాన ఉన్న కుమారుని ఈమెయిల్‌తోనో ఏర్పాటు చేసి ఉంటే, కీ అక్కడే ఉంటుంది. లాగిన్ పని చేస్తున్న రోజుల్లోనే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అమలులో ఉందో లేదో చూసి, ఉంటే ఆ అంకెలను కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవడం పది నిమిషాల పని.

దుకాణానికి ఇచ్చేటప్పుడు

సమస్య పైపద్ధతులకు లొంగకపోతే సివిక్ సెంటర్‌లోనో సుపేలాలోనో నిపుణునికి అప్పగించవలసి రావచ్చు. "డేటా ముందుగా నకలు చేయాలి, అడగకుండా ఫార్మాట్ చేయరాదు" అని రసీదు మీదనే రాయించుకోవడం ఉత్తమం. విండోస్‌లోని రీసెట్ సదుపాయంలో కీప్ మై ఫైల్స్ అనే ఎంపిక పత్రాలను నిలిపి ఉంచుతుంది గాని, విడిగా వేసుకున్న ప్రోగ్రామ్‌లను తొలగిస్తుంది. పెళ్లి శుభలేఖలు వేసే వారి అను ఫాంట్లు, వ్యాపారుల టాలీ మళ్లీ ఎక్కించుకోవలసిందే. రిమూవ్ ఎవ్రీథింగ్ అనే రెండవ ఎంపిక పేరుకు తగ్గట్టే పని చేస్తుంది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక, ఎలాగూ కొత్తగా ఎక్కించక తప్పని పక్షంలో యంత్రం విండోస్ 11కు తగినదో కాదో అప్పుడే అడగాలి.

ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించే "కస్టమర్ కేర్" నంబర్ల విషయంలో అప్రమత్తత అవసరం. మైక్రోసాఫ్ట్ నుంచి అంటూ మాట్లాడి, ఫోన్‌లో ఏదో యాప్ వేయించి, ఓటీపీ అడిగేవారు మోసగాళ్లు. కంప్యూటర్ లాగిన్ సమస్యకు బ్యాంకు ఓటీపీతో పనేమీ లేదు. డబ్బు పోయినట్లు గుర్తించగానే 1930కు ఫోన్ చేయాలి.

కార్యాలయం ఇచ్చిన కంప్యూటర్ల సంగతి వేరు. అవి సంస్థ సర్వర్ అనుమతితో తెరుచుకుంటాయి. గడియారం సర్వర్ సమయానికి 5 నిమిషాలకు మించి తేడాగా ఉన్నా, సర్వర్‌తో నమ్మక సంబంధం తెగినా, సరైన పాస్‌వర్డ్ కూడా చెల్లకపోవచ్చు. అక్కడ రికవరీ కీ, నిర్వాహక హక్కు రెండూ సంస్థ ఐటీ విభాగం వద్దనే ఉంటాయి. తెర మీది సందేశాన్ని ఫోన్‌తో ఫొటో తీసి వారికి పంపడమే ఉద్యోగి చేయవలసిన పని.