ఇప్పచెట్టు పేరు మోస్తున్న గుడి

శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానాలకు శ్రీముఖలింగంలో వంశధార ఒడ్డు జనంతో నిండిపోతుంది. మీలో చాలామంది ఆ నీటిలో మునిగి, మధుకేశ్వరుణ్ణి చూసి వచ్చినవారే. ఆ దేవుడికి ఆ పేరు ఎలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? మధుకం అంటే ఇప్పచెట్టు. మన కొండల్లో పూలు ఏరుకునే ఇప్పచెట్టే.

స్థలపురాణం ఇలా చెబుతుంది. ఒక సవర నాయకుడికి ఇద్దరు భార్యలు. పెరట్లోని ఇప్పచెట్టు కొమ్మలను ఇద్దరూ పంచుకున్నారు. శివభక్తురాలైన భార్య ఏరుకున్న పూలు బంగారమయ్యాయి. దాంతో ఇంట్లో తగువు మొదలైంది. విసిగిపోయిన నాయకుడు చెట్టు మీద గొడ్డలి వేస్తే, శివుడి ముఖం కనిపించింది.

ఇది కథే అనుకోవచ్చు. కానీ రాగిరేకులు కూడా ఈ చెట్టును మరచిపోలేదు. అనంతవర్మ చోడగంగుడు 12వ శతాబ్దం మొదట్లో వేయించిన శాసనాల్లో తన వంశచరిత్ర రాయించాడు. పూర్వికుడైన కామార్ణవుడు మహేంద్రగిరి మీద గోకర్ణేశ్వరుణ్ణి కొలిచి, శబరాదిత్యుడనే రాజును ఓడించి కళింగాన్ని గెలిచాడని కోర్ని శాసనం చెబుతుంది. ఆ తర్వాత తరంలో మరో కామార్ణవుడు ఇప్పచెట్టు నుంచి వెలసిన లింగానికి ఎత్తైన గుడి కట్టి, మధుకేశుడని పేరు పెట్టాడని ఇంకో శాసనం చెబుతుంది. శబర అన్న మాట ఒకచోట ఓడిన రాజు పేరులో ఉంది. ఇంకోచోట మన చెట్టు గెలిచినవాళ్ల దేవుడి పేరులో నిలిచిపోయింది.

ఇక గుడిని చూద్దాం. ఇక్కడ మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడు. కట్టడం కళింగ పద్ధతి. కింద గోడలు నిటారుగా లేస్తాయి, పైన శిఖరం నిలువు పట్టెలతో మెల్లగా లోపలికి వంగుతుంది. ఈ పద్ధతిలో శిఖరం మీద కూర్చుండే గుండ్రని రాయిని ఆమలకం అంటారు. అంటే ఉసిరికాయ. మధుకేశ్వరాలయంలో పెద్ద గుడి చుట్టూ మూలల్లో చిన్న గుడులున్నాయి. సోమేశ్వరాలయానికి ముందు మండపం లేదు, గర్భగుడీ శిఖరమూ మాత్రమే. దాని గోడల నిండా శిల్పాలే. ఇదే గంగరాజుల కళింగనగరం. తర్వాత రాజధాని కటకానికి తరలింది. చోడగంగుడి కాలంలోనే మొదలైన పూరీ జగన్నాథాలయానికీ విశ్వావసు అనే శబరుడి కథ ఉంది. దైతాపతులు నేటికీ తాము అతని వంశమే అంటారు.

ముఖలింగం శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకుని, ఇదే కళింగనగరమని వాదించినవాడు గిడుగు రామమూర్తి పంతులు. 1863లో దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టాడు. మన సవర భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించింది కూడా ఆయనే. రాతిలోని మాటనూ, మనిషి నోటిలోని మాటనూ ఒకే శ్రద్ధతో విన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, శాసనాలు రాయించినవాళ్లు రాజులు. మన పెద్దలకు రాగిరేకులు లేవు, నోటిమాటే ఉంది. ఈసారి ముఖలింగం వెళ్లేముందు మీ తాతనో అవ్వనో ఇప్పచెట్టు కథ అడగండి. వాళ్ల భాషలోనే ఫోన్‌లో రికార్డు చేసి, ఊరి పేరు, తేదీ రాసి దాచండి. రాయి వెయ్యేళ్లు దాటి నిలిచింది. చెప్పే గొంతు అన్నాళ్లు ఉండదు.