ఇంజను వాళ్లది, బాడీ మనది

బెంగళూరు నుంచి వచ్చే హైవే బాగేపల్లి దాటాక ఆంధ్రలో మొదట తొక్కే నేల చిలమత్తూరు మండలానిది. కొడికొండ చెక్‌పోస్టు పేరు తెలియని లారీ డ్రైవరు దక్షిణాదిలో అరుదు. ఒకప్పుడు ఆ రోడ్డు నంబరు 7, ఇప్పుడు 44. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడు అనుకునే మెట్ట ఇది. వేరుశనగ చేతికొచ్చినా రాకపోయినా బండ్ల రాకపోకలు మాత్రం ఆగలేదు. ఇవాళ అదే రోడ్డు మీద ఉత్తరంగా గంట లోపు ప్రయాణం చేస్తే పెనుకొండ మండలం యర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ.

కార్ల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఫ్యాక్టరీతో మొదలుపెడతారు. కొనుక్కున్నవాళ్లు చేయించుకున్న సోకుల సంగతి చివర్లో వస్తుంది. మన దగ్గర ఆ వరస తిరగబడింది. వచ్చిన బండిని కోసి, అతికి, పొడిగించి, రంగులేసి మరో బండి చేయడం తెలుగువాళ్లకు ఏనాడో వచ్చు. కొత్త కారును ఇక్కడే పుట్టించడం మాత్రం నిన్నగాక మొన్నటి మాట.

మొదట రాజుల ముచ్చట. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్‌కు లండన్‌లోని బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. పసుపు రంగు, వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా. 1911లో ఆయన పోయాక బండి హైదరాబాదు చేరింది. కొడుకు ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ఊరేగింపులకే వాడాడు. దశాబ్దాల్లో అది తిరిగింది కొన్ని వందల మైళ్లు. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు ఇప్పటికీ దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. ప్రయాణానికి కాక చూపించడానికే చేయించిన కారు, తెలుగునాట బహుశా అదే మొదటిది.

జనం బండి కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు బస్సులకు వెనకవైపు ఇనుప పొయ్యి బిగించారు. అందులో బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో ఇంజను నడిపేవారు. బయల్దేరడానికి ముందు క్లీనరు చెమటలు కారేలా చక్రం తిప్పి పొయ్యి రాజేయాలి. ఎత్తు వస్తే బండి మొరాయించేది, ప్రయాణికులు దిగి నడిచేవారు. ఆ తరంవాళ్లు ‘బొగ్గు బస్సు’ అని నవ్వుతూ తలుచుకునేది దీన్నే. కంపెనీవాడు ఊహించని ఇంధనంతో కంపెనీవాడి ఇంజనును నడిపించారంటే, ఇవాళ కుర్రాళ్లు సైలెన్సర్ మార్చి గొప్పలు పోవడం నాకు అంత పెద్ద విద్యగా అనిపించదు.

హైదరాబాదులో 1942లో పెట్టిన ఆల్విన్ బస్సులకు బాడీలు కట్టింది. నగరంలో తిరిగిన డబుల్ డెక్కర్లతో ఆ పేరు ముడిపడిపోయింది. 1980ల్లో అదే ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్న లారీలు చేసింది, ఆ తర్వాత అది మహీంద్రా చేతికి పోయింది. అక్కడా ఇంజను విద్య జపాన్‌ది.

ఈ విద్యలో తెలుగువాడి అసలు ప్రతిభ రాష్ట్రం బయట కనిపిస్తుంది. కోయంబత్తూరు తెలుగు నాయుళ్లలో పుట్టిన జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో సర్వీసు మొదలుపెట్టాడు. అది యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెద్ద సంస్థ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి దేశంలోనే మొదటి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసిన ఘనత కూడా ఆయనదే. 2015లో ఆయన పేరు మీద అక్కడ జీడీ కార్ల మ్యూజియం తెరిచారు.

అదే ఊళ్లో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ గురించి తెలుగు పత్రికలు ఎందుకు ఇంత తక్కువ రాశాయో నాకు అర్థం కాదు. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన షోలవరం రన్‌వే మీద, మద్రాసు శివార్లలో, ఫియట్లనూ హెరాల్డ్‌లనూ కోసి చేసిన కార్లతో రేసులు జరిగే రోజులవి. రేసుకారు కావాలంటే విదేశాల నుంచి తెచ్చుకోవాలి, తెస్తే సుంకం కొంప ముంచుతుంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ, అమ్మలూ తాతలూ నడిపే బుద్ధిమంతురాలైన కారు. ముందు చక్రాలను తిప్పే ఆ ఇంజను, గేర్‌బాక్సు జోడీని కరి తీసుకొచ్చి డ్రైవరు వీపు వెనక పెట్టాడు. చుట్టూ గొట్టాల చట్రం, పైన తేలికైన బాడీ, ఒక్కటే సీటు. దాని పేరు ఫార్ములా మారుతి. విడిభాగాలు ఏ బజారులోనైనా దొరుకుతాయి, పాడైతే మామూలు మెకానిక్కు బాగుచేస్తాడు. రేసింగ్ అనేది జమీందారు బిడ్డల గుప్పిట్లోంచి కాస్త జారి కిందికొచ్చింది ఆ కారుతోనే. 2005లో ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు వేసిందీ ఫార్ములా మారుతిలోనే. కరి 1995లో చిన్న విమానం కూలి చనిపోయాడు. 2003లో తెరిచిన కోయంబత్తూరు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.

ఇక రేసుకూ ప్రదర్శనకూ మధ్యలో నిలిచే బండి ఒకటుంది. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పుడు పాత షెవర్లే వ్యాన్‌ను ప్రచార వాహనంగా మార్పించి ‘చైతన్య రథం’ అన్నారు. లోపల నుంచి పైకి ఎక్కే దారి, పైన నిలబడే చోటు, మైకు సెట్టు. స్టీరింగు దగ్గర కొడుకు హరికృష్ణ. సభ కోసం జనం వేదిక దగ్గరకు రావడం పాత పద్ధతి. ఈ వ్యాన్‌తో వేదికే ఊరూరా తిరిగింది. రోడ్డు పక్కన స్నానం, బండిలోనే కునుకు. అంబాసిడర్లలో దిగే నాయకులకు అలవాటుపడ్డ పల్లెలు ఆ బండిని చూడటానికే అర్ధరాత్రి దాకా మేలుకున్నాయి. 1983 జనవరిలో అధికారం వచ్చింది. ఆయన 1985, 1989, 1994 ఎన్నికల్లో గెలిచిన హిందూపురం నియోజకవర్గంలోదే చిలమత్తూరు. దేశంలో ఆ తర్వాత వచ్చిన ప్రచార రథాలన్నీ దాని సంతానమేనని నా లెక్క. 2022 డిసెంబరులో పవన్ కల్యాణ్ ‘వారాహి’ బయటికొచ్చినప్పుడు రగడ రంగు మీద జరిగింది. మోటారు వాహనాల నిబంధనల్లో 121వది సైన్యానికి తప్ప ఎవరికీ ఆలివ్ గ్రీన్ పనికిరాదంటుంది. అది ఎమరాల్డ్ గ్రీన్ అని తెలంగాణ రవాణా అధికారులు తేల్చాక గొడవ సద్దుమణిగింది.

రాయలసీమకు సినిమా అంటగట్టిన బండి టాటా సుమో. 1994లో మార్కెట్‌లోకి వచ్చింది, 1999లో ‘సమరసింహారెడ్డి’ తర్వాత తెర మీద గాల్లోకి లేవడం మొదలుపెట్టింది. ఆ సినిమా హీరో బాలకృష్ణ 2014 నుంచి హిందూపురం ఎమ్మెల్యే. అసలు సీమలో సుమోలు చేసింది మాత్రం ఆసుపత్రికీ పెళ్లిళ్లకూ జనాన్ని కుక్కి మోయడమే.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది, ఎవరూ ఫొటో తీయని ఒక వాహనం. హొసూరు అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ నుంచి ఉత్తరానికి పోయే ఉత్త ఛాసిస్. తలుపుల్లేవు, అద్దం లేదు, కప్పు లేదు. ఇంజను, చక్రాలు, రెండు పొడవాటి ఇనుప దూలాలు, స్టీరింగు. డ్రైవరు తాత్కాలికంగా బిగించిన సీటు మీద కూర్చుంటాడు. ముక్కూ చెవులూ కప్పేలా తువ్వాలు చుట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుంటాడు. ఎండాకాలం కొడికొండ దగ్గర వడగాలి నేరుగా గుండెల మీదికి కొడుతుంది, వాన వస్తే తడవాల్సిందే. అలాంటివి వరసగా పోతుంటే పల్లె పిల్లలు లెక్కపెట్టేవారు. ఫ్యాక్టరీ అమ్మింది అంతవరకే. లారీ కావడం షెడ్డులో జరుగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో, నామక్కల్‌లోనో మేస్త్రీలు కేబినూ తొట్టీ కడితే, పెయింటరు ముందు దేవుణ్ని, వెనక కూతురి పేరునీ రాస్తాడు. నిమ్మకాయలూ మిరపకాయలూ కడతారు. ఒకే కంపెనీ, ఒకే మోడలు, అయినా ఏ రెండు లారీలూ ఒక్కలా ఉండవు. పెట్రోలు అంబాసిడర్‌లోంచి ఇంజను దింపి డీజిల్ ఇంజను ఎక్కించిందీ, జీపును వెనక్కి పొడిగించి ఇరవై మందిని ఎక్కించిందీ ఇదే చేతివాటం. బ్రేకు ఇన్‌స్పెక్టరు అడ్డుకుంటే ఏదో మాట్లాడుకునేవారు, బండి కదిలేది.

ఈ చేతులున్న చోట కార్ల ఫ్యాక్టరీ పెట్టాలని ప్రభుత్వాలు అనుకోకపోలేదు. 2005లో ఫోక్స్‌వ్యాగన్ విశాఖకు వస్తోందని నమ్మి రాష్ట్ర ప్రభుత్వం వశిష్ఠ వాహన్ అనే సంస్థకు 11 కోట్లకు పైగా కట్టింది. ఆ సంస్థతో తమకు సంబంధం లేదని జర్మన్ కంపెనీ తేల్చిచెప్పింది, వ్యవహారం సీబీఐ దాకా పోయింది, ఫ్యాక్టరీ పుణె దగ్గర చాకన్‌కు పోయింది. 2009లో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు లేపాక్షి నాలెడ్జ్ హబ్‌కు ఇచ్చారు. హబ్ రాలేదు, భూములు కేసుల్లో చిక్కుకున్నాయి. 2016లో శ్రీసిటీలో ఇసుజు పికప్‌ల తయారీ మొదలైంది.

2017 ఏప్రిల్లో కియాతో ఒప్పందం కుదిరింది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. కరువు నేలలో ఫ్యాక్టరీకి నీళ్లెక్కడివన్న ప్రశ్నకు హంద్రీ-నీవా నీళ్లు చేరే గొల్లపల్లి రిజర్వాయరు జవాబైంది. ఆ నీళ్ల కోసం రైతులు ఎన్నేళ్లు ఎదురుచూశారో ఎరిగినవాళ్లకు అందులో చేదూ తీపీ రెండూ ఉన్నాయి. 2019 జనవరి 29న ట్రయల్ ప్రొడక్షన్ మొదలైంది, ఆగస్టులో సెల్టోస్ 9.69 లక్షల ప్రారంభ ధరతో మార్కెట్‌లోకి వచ్చింది. బుకింగ్ తెరిచిన తొలిరోజే 6,046 మంది డబ్బు కట్టారు. చంద్రబాబు హయాంలో మొదలై, డిసెంబరులో జగన్మోహన్‌రెడ్డి చేతుల మీద లాంఛనంగా ప్రారంభమైంది. రెండు పార్టీలవాళ్లూ మా ఘనతే అంటారు. రెండు నెలలకే ఫ్యాక్టరీ తమిళనాడుకు తరలే ఆలోచనలో ఉందని రాయిటర్స్ రాసింది, కంపెనీ కాదంది. 2020లో సోనెట్, 2022లో కారెన్స్ వచ్చాయి. 2023లో పది లక్షలో కారు బయటికొచ్చింది. 1944లో సైకిలు విడిభాగాలతో మొదలైన కొరియా కంపెనీ పుణ్యమా అని పెనుకొండ దారిలో కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి.

ట్రయల్ మొదలైన ఆ నెలలోనే మరో సంగతి జరిగింది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లను దాటి వాహన నిర్మాణాన్ని మార్చకూడదని తీర్పిచ్చింది. అదే ఏడాది సవరించిన చట్టం అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు పెట్టింది. మార్చడం మాత్రమే వచ్చిన జిల్లాకు తయారుచేసే భాగ్యం దక్కిన నెలలోనే, మార్చడం నేరమని గట్టిగా తేలింది. షెడ్డు మేస్త్రీలకు ఇది మింగుడుపడలేదు. కానీ 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, ఇదే హైవే మీద బెంగళూరుకు వస్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు తగలబడి 20 మంది దాకా చనిపోయారు. అది సీట్ల బస్సుగా రిజిస్టరై తర్వాత బెర్తులతో మార్చినదని వార్తలొచ్చాయి. మేస్త్రీల పనితనం మీద నాకెంత మక్కువ ఉన్నా, ఆ తర్వాత 52వ సెక్షన్‌ను తప్పుపట్టడానికి నోరు రాదు.

చట్టం ముట్టని ఒక మూల హైదరాబాదు బహదూర్‌పురాలో ఉంది. కె. సుధాకర్ 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో క్రికెట్ బ్యాటు, వంకాయ, ఎత్తుమడమ చెప్పు, బర్గర్ ఆకారాల కార్లున్నాయి. తుక్కులోంచి చేసినవే, అయినా నడుస్తాయి. 2005లో 41 అడుగుల 7 అంగుళాల మూడు చక్రాల సైకిలుతో ఆయన గిన్నిస్‌కెక్కాడు. రేసుల వైపు చూస్తే, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరిగెత్తాయి. ఫ్రాన్స్‌కు చెందిన జాఁ-ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడు రేసు రద్దయింది, చెల్లింపుల మీద ఏసీబీ కేసు మిగిలింది. షోలవరంలో పాత ఫియట్లతో జరిగిన రేసులు దశాబ్దాలు నిలిచాయి, ఇది ఒక్కరోజు ముచ్చట.

హిందూపురం షెడ్లలో ఇప్పుడు కొత్త కారుకు చేసేది స్టిక్కర్లు, సీటు కవర్లు, అలాయ్ చక్రాలు. వైరు కోస్తే వారంటీ పోతుందని కుర్రాళ్లకూ తెలుసు. పాత హస్తకళ డీజే బండ్ల మీదికి మళ్లింది. వినాయక చవితికి మినీ లారీ మీద స్పీకర్ల గోడ కట్టి, జనరేటరు పెట్టి, లైట్లు అల్లే పని అది. పోలీసులు సౌండు తగ్గించమనేదాకా అదే ఊరి రథం.

చట్టం తెరిచి ఉంచిన తలుపు ఒకటుంది. ఆమోదం పొందిన కిట్‌తో పెట్రోలు కారును ఎలక్ట్రిక్‌గా మార్పించుకుని ఆర్‌సీలో రాయించుకోవచ్చు. అంటే బాడీ కంపెనీది ఉంచేసి ఇంజనునే మార్చడం. హైదరాబాదులో 2017లో మొదలైన ఈట్రియో సంస్థ పాత కార్లకు ఈ మార్పు చేసే పనితోనే బయల్దేరింది. కొన్నాళ్లకు అది కూడా సొంతంగా ఎలక్ట్రిక్ మూడు చక్రాల సరుకు బండ్లు తయారుచేయడానికి మళ్లింది.