నిస్సాన్ జీటీ-ఆర్ ఇంజను సామర్థ్యము

నిస్సాన్ జీటీ-ఆర్ జపాను దేశానికి చెందిన నిస్సాన్ మోటార్ కంపెనీ తయారుచేసిన స్పోర్ట్స్ కారు. 1969 నుండి 2002 వరకు ఇది స్కైలైన్ అనే కారులో ఒక రకముగా, స్కైలైన్ జీటీ-ఆర్ అనే పేరుతో వెలువడినది. 2007 నుండి 2025 వరకు స్కైలైన్ పేరు లేకుండా ప్రత్యేకమైన కారుగా వచ్చినది. నడుమ 1973 నుండి 1989 వరకు ఈ పేరుతో ఏ కారూ తయారు కాలేదు. ఆయా తరముల కార్లలో ఇంజను సామర్థ్యము ఎంత ఉండేది, అది ఎట్లు మారినది, కొన్ని చోట్ల మారకుండా ఎందుకు నిలిచినది అనే విషయములు ఈ వ్యాసములో వివరించబడినవి.

కంపెనీ ప్రకటించిన అంకెలను వరుసగా పేర్చితే 1969లో 160, 1989లో 280, 2007లో 480, 2016లో 570 అని వస్తాయి. పైకి ఇది క్రమమైన అభివృద్ధిగానే కనిపిస్తుంది. అయితే 1989 నుండి 2002 వరకు వచ్చిన మూడు తరముల కార్లకూ కంపెనీ ప్రకటించినది ఒకే అంకె, 280. ఆ పదమూడేళ్ళలో ఇంజను మారినది, కారు మారినది. అంకె మాత్రము మారలేదు. జీటీ-ఆర్ చరిత్రలో ఎక్కువ చర్చకు గురైన విషయము ఇదే.

కొలమానము

జపానులో ఇంజను సామర్థ్యమును పీఎస్ అనే ప్రమాణములో చెప్పడం చాలాకాలముగా వాడుక. ఇది గుర్రపు బలము అనే అర్థము గల జర్మను మాటకు సంక్షిప్త రూపము. 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగల సామర్థ్యము ఒక పీఎస్. ఇది 735.5 వాట్లకు సమానము. బ్రిటిషు పద్ధతిలోని అశ్వసామర్థ్యము (హార్స్ పవర్) దీనికంటే కొంచెము పెద్దది, 745.7 వాట్లు. ఆ లెక్కన 280 పీఎస్ అంటే 276 హార్స్ పవర్, లేదా 206 కిలోవాట్లు. ఆంగ్ల పత్రికలలో 276 అనీ, జపాను పత్రికలలో 280 అనీ కనిపించే అంకెలు ఒకే సామర్థ్యమును తెలుపుతాయి.

పాత అంకెలను కొత్తవాటితో పోల్చేటప్పుడు మరొక జాగ్రత్త అవసరము. 1980ల మధ్య వరకు జపాను కంపెనీలు స్థూల పద్ధతిని పాటించేవి. ఇంజనును కారు నుండి విడదీసి, కారులో దానికి భారముగా ఉండే పరికరములను తొలగించి, పరీక్షా బల్లపై కొలిచేవారు. ఆ తరువాత ఇంజను కారులో ఉండే స్థితికి దగ్గరగా కొలిచే నికర పద్ధతి వచ్చినది. స్థూలపు అంకె నికరపు అంకె కంటే సుమారు 15 శాతము ఎక్కువగా వస్తుంది. కనుక 1969 నాటి 160 పీఎస్ నేటి కొలతలో 140కి అటూ ఇటూగా ఉంటుంది. 160 నుండి 280కి పెరుగుదల 75 శాతమే అని లెక్కకట్టడం సరికాదు. అసలు పెరుగుదల ఇంకా ఎక్కువ.

తొలి తరములు

స్కైలైన్ పుట్టుకతో నిస్సాన్ కారు కాదు. దీనిని 1957 నుండి ప్రిన్స్ అనే కంపెనీ తయారుచేసేది. 1964లో సుజుకాలో జరిగిన జపాన్ గ్రాండ్ ప్రీ పోటీ కొరకు ఈ కారు ముందుభాగమును 200 మిల్లీమీటర్లు పొడిగించి, అందులో ఆరు సిలిండర్ల ఇంజనును అమర్చారు. ఆ కారు ఒక చుట్టులో పోర్షె 904ను దాటి ముందుకు పోవడముతో స్కైలైన్ పేరు జపాను అంతటా తెలిసినది. 1966లో ప్రిన్స్ కంపెనీ నిస్సాన్‌లో విలీనమైనది.

1969 ఫిబ్రవరిలో స్కైలైన్ 2000 జీటీ-ఆర్ విడుదలైనది. చూడటానికి ఇది నాలుగు తలుపుల సాధారణ కుటుంబ కారు. దీని ఎస్20 ఇంజను మాత్రము ప్రిన్స్ వారి ఆర్380 పందెపు కారులోని ఇంజను నుండి రూపొందినది. దీని పరిమాణము 1,989 సీసీ. వరుసగా ఆరు సిలిండర్లు, ఒక్కొక్క సిలిండరుకు నాలుగు వాల్వులు, పైన రెండు క్యామ్ షాఫ్టులు, మూడు కార్బ్యురేటర్లు ఉండేవి. సామర్థ్యము నిమిషానికి 7,000 చుట్ల వద్ద 160 పీఎస్. సాధారణ పెట్రోలుకు తగినట్లు సవరించిన రకములో ఇది 155. సిలిండరుకు రెండు వాల్వులే వాడుకలో ఉన్న ఆ రోజులలో రెండు లీటర్ల ఇంజను నుండి ఇంత బలము రాబట్టడం గొప్ప విషయము. కారు బరువు 1,120 కిలోలు, ధర 15 లక్షల యెన్లు. ఇదే ఇంజనును ఫెయిర్‌లేడీ జడ్ 432 అనే కారులోనూ వాడారు. ఆ పేరులోని 4, 3, 2 అంకెలు సిలిండరుకు నాలుగు వాల్వులను, మూడు కార్బ్యురేటర్లను, రెండు క్యామ్ షాఫ్టులను సూచిస్తాయి.

పందెములకు సిద్ధము చేసిన ఎస్20 ఇంజను 250 పీఎస్ వరకు ఇచ్చేది. 1970లో వచ్చిన రెండు తలుపుల కారుతో కలిపి, 1972 నాటికి ఈ తరము జపాను పందెములలో 50 విజయములు సాధించినది. పెట్టె ఆకారము వలన అభిమానులు దీనిని "హకోసుకా" అని పిలుస్తారు. జపాను భాషలో "హకో" అనగా పెట్టె.

రెండవ తరము 1973 జనవరిలో వచ్చినది. ఇంజను అదే, 160 పీఎస్ కూడా అదే. పొగలోని విషవాయువులపై ప్రభుత్వము కఠినమైన నియమములు తెచ్చిన సంవత్సరమది. ఎస్20 ఇంజనును వాటికి లోబడేట్లు మార్చడం సాధ్యపడలేదు. 197 కార్లు తయారైన తరువాత ఉత్పత్తి ఆగిపోయినది. ఈ తరము ఒక్క పందెములోనూ పాల్గొనలేదు.

తరువాతి పదహారేళ్ళు స్కైలైన్ కారు కొనసాగినది గానీ దానిపై జీటీ-ఆర్ గుర్తు లేదు. 1983లో టర్బోతో 190 పీఎస్, 1984లో ఇంటర్‌కూలరుతో 205 పీఎస్ ఇచ్చిన ఆర్‌ఎస్ రకములు అంకెలలో పాత జీటీ-ఆర్‌ను మించినవే. అయినా వాటి ఇంజనుకు నాలుగు సిలిండర్లే ఉండుట వలన వాటికి ఆ పేరు దక్కలేదని అంటారు.

ఆర్32, 280 పీఎస్ హద్దు

1989 ఆగస్టులో ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్ విడుదలైనది. దీని ఆర్‌బీ26డీఈటీటీ ఇంజను పరిమాణము 2,568 సీసీ. రెండున్నరకూ మూడుకూ నడుమ ఈ వింత పరిమాణము గ్రూప్-ఏ పందెముల నియమముల నుండి వచ్చినది. ఆ నియమముల ప్రకారము టర్బో ఉన్న ఇంజను పరిమాణమును 1.7తో గుణించి తరగతిని నిర్ణయించేవారు. 2,568ని 1.7తో గుణిస్తే 4,366 వస్తుంది. అది 4,500 సీసీ తరగతిలోపే ఉంటుంది. ఇంజనుకు రెండు టర్బోఛార్జర్లు, ఆరు సిలిండర్లకూ ఆరు విడి థ్రాటిళ్ళు ఉన్నవి. అవసరమును బట్టి ముందు చక్రములకు కూడా బలమును పంపే నాలుగు చక్రముల చోదన పద్ధతిని దీనికి అమర్చారు.

పందెములలో ఈ ఇంజను 500 పీఎస్‌కు మించి ఇచ్చేది. 1990 నుండి 1993 వరకు జపాను టూరింగ్ కార్ల పోటీలలో జరిగిన 29 పందెములనూ ఆర్32 కార్లే గెలిచినవి. ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ పందెమును 1991, 1992 సంవత్సరములలో గెలిచినది కూడా ఇదే. గాడ్జిల్లా అనే మారుపేరు ఆ దేశపు పత్రిక పెట్టినదే.

వీధిలో నడిచే కారుకు ప్రకటించిన సామర్థ్యము 280 పీఎస్. దీని వెనుక ఉన్న కారణము పందెములకు సంబంధించినది కాదు. జపానులో 1988లో రహదారి ప్రమాద మరణములు పదమూడేళ్ళ తరువాత మరల 10,000 దాటినవి. ప్రభుత్వము నుండి ఒత్తిడి వచ్చినది. దానితో జపాను మోటారు వాహన తయారీదారుల సంఘములోని కంపెనీలు 280 పీఎస్‌కు మించిన కారును స్వదేశములో అమ్మబోమని తమలో తాము ఒప్పుకున్నవి. ఇది చట్టము కాదు. పెద్దమనుషుల ఒప్పందము వంటిది. 1989లో నిస్సాన్ వారి ఫెయిర్‌లేడీ జడ్ అమెరికాలో 300 హార్స్ పవర్‌తోనూ, జపానులో 280 పీఎస్‌తోనూ అమ్ముడుపోవడం ఈ ఒప్పందపు ప్రభావమునకు మంచి ఉదాహరణ.

ఆర్32 ఇంజనులో టర్బో పీడనమును తగ్గించుటకు ఒక సన్నని రబ్బరు గొట్టములో చిన్న అడ్డు బిళ్ళను అమర్చారు. గుర్తుగా పసుపు రంగు పూసిన ఈ బిళ్ళను తీసివేస్తే పీడనము, దానితోపాటు సామర్థ్యము వెంటనే పెరుగుతాయి. ఈ సంగతి మెకానిక్కులకు త్వరలోనే తెలిసిపోయినది. మార్పులేమీ చేయని కార్లు కూడా కొలిచినప్పుడు 300కు పైన చూపాయని చాలామంది యజమానులు చెబుతారు. కొలిచే యంత్రమును బట్టి ఫలితము మారుతుంది గనుక అటువంటి అంకెలలో దేనినీ ఖచ్చితమైనదిగా తీసుకోరాదు.

ఆర్33, ఆర్34

1995 జనవరిలో ఆర్33, 1999 జనవరిలో ఆర్34 వచ్చినవి. రెండింటిలోనూ అదే ఆర్‌బీ26 ఇంజను. రెండింటికీ ప్రకటించినది నిమిషానికి 6,800 చుట్ల వద్ద 280 పీఎస్. ఆర్33 బరువు 1,530 కిలోలు, ఆర్32 కంటే 100 కిలోలు ఎక్కువ. కాగితముపై చూస్తే ఆర్33 వెనుకబడవలసినది. కానీ జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ మార్గములో అది పాత కారు కంటే 21 సెకన్లు తక్కువ సమయములో చుట్టు పూర్తిచేసినదని నిస్సాన్ తన ప్రకటనలలోనే చాటుకున్నది. సామర్థ్యమును పెంచామని చెప్పుకొనే వీలు లేనప్పుడు గడియారమును సాక్ష్యముగా తెచ్చుకున్నదనవచ్చును.

ఇంజను పెరిగినదనుటకు మరొక ఆధారము కంపెనీ పత్రములలోనే ఉన్నది. ఒప్పందములో సామర్థ్యమునకే హద్దు. టార్కుకు, అనగా ఇంజను తిప్పే బలమునకు హద్దు లేదు. 4,400 చుట్ల వద్ద ఆర్32 టార్కు 36.0 కిలోగ్రాము-మీటర్లు, ఆర్33ది 37.5, ఆర్34ది 40.0. టార్కును చుట్లతో గుణించి 716.2తో భాగిస్తే పీఎస్ వస్తుంది. ఆ లెక్కన 4,400 చుట్ల వద్ద ఆర్32 ఇచ్చేది 221 పీఎస్, ఆర్34 ఇచ్చేది 246 పీఎస్. నడిపేవారికి నిత్యము ఉపయోగపడే వేగములలో 25 పీఎస్ పెరిగినా, శిఖరము దగ్గరకు వచ్చేసరికి రెండూ సరిగ్గా 280 వద్ద ఆగుతున్నవి. ఈ అంకెలను నమ్మితే ఆర్34 టార్కు 6,800 చుట్లకు చేరేసరికి 40 నుండి 29.5కు పడిపోవాలి. ఇంత మంచి ఇంజనులో అంతటి పతనము సహజముగా తోచదు.

ఇదే ఇంజనును నిస్సాన్ వారి పందెముల విభాగము నిస్మో 2.8 లీటర్లకు పెంచి, ఆర్33 ఆధారముగా 400ఆర్ అనే కారును 400 పీఎస్‌తోనూ, తరువాత ఆర్34 ఆధారముగా జడ్-ట్యూన్ అనే కారును 500 పీఎస్‌తోనూ కొద్ది సంఖ్యలో తయారుచేసినది. ఆర్34 ఉత్పత్తి 2002 ఆగస్టులో ముగిసినది. ఎస్20 వలెనే ఆర్‌బీ26 కూడా కొత్త కాలుష్య నియమముల వలననే నిలిచిపోయినది.

280 పీఎస్ ఒప్పందమును తయారీదారుల సంఘము 2004లో విరమించినది. ఇంజను సామర్థ్యమునకూ ప్రమాదములకూ సంబంధము కనబడటం లేదని సంఘము వాదన. ఆనాటికి మరణములు 7,500కు లోపే ఉన్నవి. హద్దు ఉన్న కాలములోనే మొదట మరణములు 11,000 దాటినవి, పిమ్మట తగ్గినవి; కనుక ఆ తగ్గుదలను ఈ ఒప్పందమునకు ఆపాదించడం కష్టము. అదే సంవత్సరము హోండా లెజెండ్ కారు 300 పీఎస్‌తో వచ్చి హద్దును మొదట దాటినది. 660 సీసీ చిన్న కార్లకు ఉన్న 64 పీఎస్ హద్దు మాత్రము ఇంకా కొనసాగుతున్నది.

ఆర్35

2007 డిసెంబరులో విడుదలైన నిస్సాన్ జీటీ-ఆర్ తొలి ప్రకటిత సామర్థ్యము 480 పీఎస్. దీని వీఆర్38డీఈటీటీ ఇంజను 3,799 సీసీ పరిమాణము, వీ ఆకారములో ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు కలది. "తకుమి" అని పిలువబడే నిపుణులు ఒక్కొక్క ఇంజనును ఒక్కరే చేతితో కూర్చేవారు. గేరుబాక్సును వెనుక చక్రముల వద్ద అమర్చారు. బరువు 1,740 కిలోలు అయినప్పటికీ ఒక్కొక్క పీఎస్‌కు 3.6 కిలోలే పడుతుంది. 1969 కారుకు 7 కిలోలు, ఆర్32కు 5.1 కిలోలు పడేవి. జపానులో ఈ కారు వేగము గంటకు 180 కిలోమీటర్ల వద్ద ఆగిపోయేట్లు అమర్చారు. కారు గుర్తింపు పొందిన పందెపు మైదానములో ఉన్నదని దిక్సూచి వ్యవస్థ గ్రహించినప్పుడు మాత్రమే ఆ హద్దును తొలగించుకొనవచ్చును.

2008లో నూర్బుర్గ్‌రింగ్‌లో 7 నిమిషాల 29 సెకన్లు నమోదు చేశామని నిస్సాన్ ప్రకటించగా, తాము కొని నడిపిన కారు 7 నిమిషాల 54 సెకన్లు తీసుకున్నదని పోర్షె ఆక్షేపించినది. నిస్సాన్ దీనిని ఖండించినది. అంకెలను తక్కువ చేసి చెబుతున్నారనే పాత అనుమానము ఈ విధముగా తలక్రిందులైనది.

సామర్థ్యము తరువాత 485, 530, 550 పీఎస్‌లకు పెరుగుతూ వచ్చినది. 2013లో వచ్చిన నిస్మో రకము 600 పీఎస్, 2016లో మామూలు రకము 570 పీఎస్ అందుకున్నవి. ఈ 570 పీఎస్ కారే 2016 డిసెంబరులో భారతదేశములో విడుదలైనది. ఢిల్లీ షోరూములో ధర 1.99 కోట్ల రూపాయలు.

2016 తరువాత అంకె మరల నిలిచిపోయినది. ఈసారి అడ్డు వచ్చినది ఒప్పందము కాదు, చట్టము. శబ్ద నియమముల వలన 2022లో ఐరోపాలో అమ్మకము ఆగినది. జపానులో కొత్త శబ్ద నియమములకు లోబడేట్లు సైలెన్సర్లను మార్చి, 570ని తగ్గకుండా కాపాడుకోవడమే ఇంజనీర్లకు పని అయినది. 2025 ఆగస్టు 26న తోచిగి కర్మాగారము నుండి ఊదా రంగు గల చివరి కారు వెలువడినది. పద్దెనిమిదేళ్ళలో తయారైన ఆర్35 కార్ల సంఖ్య సుమారు 48,000.