న్యాయస్థానానికి వెళ్లేముందు: వ్యాజ్య కారణం ఉందో లేదో తెలుసుకోవడం ఎలా?

కోల్‌కతా తూర్పు అంచున, రాజర్‌హాట్ ప్రాంతంలో రూపుదిద్దుకున్న ప్రణాళికాబద్ధ నగరం న్యూ టౌన్. ఉద్యోగరీత్యా ఇతర రాష్ట్రాల నుంచి ఇలాంటి నగరాలకు వచ్చి ఫ్లాటు కొనుక్కున్న కుటుంబాలకు, గడువు దాటినా ఇల్లు చేతికి రాకపోతే ఒకవైపు అద్దె, మరోవైపు బ్యాంకు వాయిదా భారమవుతాయి. అప్పుడు తలెత్తే మొదటి ప్రశ్న: కేసు వేయవచ్చా?

నష్టపోయామన్న బాధ ఒక్కటే వ్యాజ్యానికి సరిపోదు. చట్టం గుర్తించిన హక్కు ఉండాలి. ఎదుటి పక్షం దానిని ఉల్లంఘించి ఉండాలి. ఆ రెండింటినీ పత్రాలతో నిరూపించగలగాలి. దీనినే వ్యాజ్య కారణం అంటారు. 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతిలోని 7వ ఆర్డర్ ప్రకారం, వ్యాజ్య కారణం ఏమిటో, అది ఎప్పుడు ఏర్పడిందో దావా పత్రంలో పేర్కొనాలి. అది కనిపించని దావాను విచారణకు ముందే తిరస్కరించవచ్చు.

కోల్‌కతా వెస్ట్ ఇంటర్నేషనల్ సిటీ కేసు ఇందుకు చక్కని ఉదాహరణ. హౌరాలోని ఈ ప్రాజెక్టులో ఇల్లు కొన్న వ్యక్తితో 2007 జులైలో ఒప్పందం కుదిరింది. 2008 డిసెంబరు 31 నాటికి, మరో ఆరు నెలల వెసులుబాటుతో ఇల్లు అప్పగించాలి. నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చింది మాత్రం 2016లో. ఏడేళ్ల నిరీక్షణ సహేతుకం కాదని 2019 మార్చి 25న సుప్రీంకోర్టు స్పష్టం చేసి, సొమ్ము వాపసు చేయాలన్న ఆదేశాన్ని సమర్థించింది. ఒప్పందం, అందులో రాసిన తేదీ, చెల్లింపు రశీదులే ఇలాంటి కేసులకు ప్రాణం. నోటిమాటగా ఇచ్చిన హామీని నిరూపించడం కష్టం.

తరువాత చూడవలసింది ఏ వేదికను ఆశ్రయించాలన్నది. స్థిరాస్తి రంగానికి పశ్చిమ బెంగాల్ విడిగా చేసుకున్న చట్టాన్ని 2021 మే 4న సుప్రీంకోర్టు కొట్టివేసింది. దాంతో అక్కడ కూడా 2016 నాటి కేంద్ర చట్టమే, అంటే రెరా, వర్తిస్తోంది. ఆ చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం, గడువు తప్పినప్పుడు కొనుగోలుదారు ప్రాజెక్టు నుంచి తప్పుకుంటే వడ్డీతో సహా సొమ్ము వాపసు పొందవచ్చు. కొనసాగితే ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ కోరవచ్చు. రెరా సంస్థ తేల్చవలసిన అంశాలపై సివిల్ కోర్టులు విచారణ జరపజాలవు. అయితే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించేందుకు రెరా అడ్డుకాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసిస్తున్న చోటనే ఫిర్యాదు చేయవచ్చు. కొనుగోలు వాణిజ్య ప్రయోజనం కోసమైతే మాత్రం ఈ మార్గం మూసుకుపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాలపరిమితి. వినియోగదారుల కమిషన్‌లో వ్యాజ్య కారణం ఏర్పడిన నాటినుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. ఒప్పంద ఉల్లంఘనకు నష్టపరిహారం కోరే సివిల్ దావాకు సాధారణ గడువు మూడేళ్లు. ఉత్తర ప్రత్యుత్తరాలు సాగుతున్నంత మాత్రాన ఈ గడువు ఆగదు. ‘వచ్చే నెలలో ఇస్తాం’ అన్న మాటలు నమ్మి ఊరకుంటే, ఉన్న హక్కు సైతం చేజారవచ్చు.

గెలిస్తే దక్కేదెంత, అందుకు పట్టే కాలమెంత, ఖర్చెంత అన్నదీ ముందే బేరీజు వేసుకోవాలి. 1987 నాటి చట్టం కింద మహిళలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జాతీయ న్యాయ సేవల సంస్థ సహాయ సంఖ్య 15100. వినియోగదారుల సహాయ సంఖ్య 1915.

ఒప్పంద పత్రం, రశీదులు, ఉత్తరాలను తేదీల వారీగా అమర్చి న్యాయవాదికి చూపడం తొలి మెట్టు. దానిని గడువు ముగియకముందే ఎక్కాలి.