పాము విషం నుంచి కుక్క గుండె మందు దాకా

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వేసుకునే బీపీ మాత్రల్లో ఒక రకం పాము విషం మీద జరిగిన పరిశోధనలోంచి పుట్టింది. అదే రకం మాత్ర ఇవాళ కుక్కల గుండె జబ్బుకీ వాడుతున్నారు. ఆ కథ మొదలైంది ఓ వ్యవసాయ సంస్థలో.

బ్రెజిల్‌లో కాఫీ గింజ తొలిచే పురుగు తోటల్ని పాడుచేస్తుంటే, దాని పని పట్టడానికి 1927లో సావో పాలోలో బయలాజికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. అక్కడే 1948లో రోచా ఇ సిల్వా, ఆయన తోటివాళ్ళు జరరాకా అనే పాము విషాన్ని పరీక్షించారు. అది మన రక్తపింజర కుటుంబంలోదే. ఆ విషం కలిస్తే నెత్తుట్లో రక్తనాళాల్ని వదులుచేసే పదార్థం ఒకటి పుడుతోందని తేలింది. దానికి బ్రాడికైనిన్ అని పేరు పెట్టారు. ఆ పదార్థం పనిని ఇంకా పెంచే గుణం కూడా విషంలోనే ఉందని 1965లో సెర్జియో ఫెరీరా చూపించాడు. ఆ దారి పట్టుకునే అమెరికాలో స్క్విబ్ కంపెనీవాళ్ళు 1975లో క్యాప్టోప్రిల్ తయారుచేశారు. 1981లో దానికి అనుమతి వచ్చింది. తర్వాత ఎనలాప్రిల్ వచ్చింది.

మరి బీపీ మందుకీ గుండె కండరానికీ సంబంధమేంటి? డోబర్‌మన్ లాంటి పెద్ద జాతి కుక్కల్లో గుండె కండరం సాగి బలం తగ్గే జబ్బు ఎక్కువ. గుండె రక్తాన్ని సరిగా తోయలేకపోతే, ఒంట్లో నీరు తక్కువైందని కిడ్నీలు పొరబడతాయి. ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి, రక్తనాళాలు బిగుస్తాయి. అలసిన ఎద్దు బండి మీద ఇంకో నాలుగు బస్తాలు వేసినట్టే. ఈ మందు ఎద్దుకి కొత్త బలం ఇవ్వదు, బస్తాలు దించుతుంది.

1987లో ఉత్తర యూరప్‌లో గుండె బాగా దెబ్బతిన్న 253 మంది మనుషుల మీద ఎనలాప్రిల్ పరీక్షించారు. ఆరు నెలల్లో చావులు నూటికి 44 నుంచి 26కి తగ్గాయి. 1990ల్లో అది కుక్కలకీ అనుమతి పొందింది. జబ్బు పూర్తిగా పోదు గానీ ఆయుష్షు కొంత పెరుగుతుంది.

అన్ని గుండె జబ్బులకీ ఇదే మందు కాదు. పిల్లుల్లో ఇలాంటి జబ్బుకే చాలాసార్లు కారణం మేతలో టారిన్ లోటని 1987లోనే అమెరికాలో పాల్ పయన్ బయటపెట్టాడు. టారిన్ పెడితే చాలా పిల్లుల గుండె కుదుటపడింది.

కాబట్టి కాపలా కుక్క దగ్గుతూ ఆయాసపడుతుంటే, ఇంట్లో ఉన్న బీపీ మాత్ర సగం విరిచి వేయకండి. మోతాదు తప్పితే బీపీ మరీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. పశువుల డాక్టరుకి చూపించి, ఆయన చెప్పిన మోతాదే వేయండి.