వెంట్రుకవాసి పని

మణుగూరులో పెద్ద యంత్రాలకు కొదవ లేదు. ఓపెన్‌కాస్ట్ గని అంచున నిలబడి చూస్తే, లోపల బొగ్గు మోసే భారీ డంపర్ కూడా చీమంత కనిపిస్తుంది. పక్కనే అశ్వాపురంలో భారజల కర్మాగారం. ఇటు భద్రాద్రి థర్మల్ కేంద్రంలో నాలుగు యూనిట్లు, కలిపి 1080 మెగావాట్లు. ఇన్ని ఉన్న చోట చిన్న మోటారు భాగం ఒకటి పాడైతే మాత్రం దిక్కులు చూడాలి. మా వీధి చివర లేత్ షాపు ఉంది. షాఫ్ట్ అరిగితే షాపతను సరిచేస్తాడు, బుష్ కావాలంటే తిప్పిస్తాడు. అదే కొలతతో వెయ్యి ముక్కలు కావాలన్నామో, "దానికి డై కావాలన్నా. బాలానగర్ పోవాల్సిందే" అంటాడు.

హైదరాబాద్‌లో ఎన్నో పేటలుండగా బాలానగర్ పేరే ఎందుకొస్తుందో చాలాకాలం నాకు తెలియలేదు.

1960లలో నగరం చుట్టూ కర్మాగారాలు ఒక్కొక్కటే లేచాయి. ప్రాగా టూల్స్ అంతకు చాలాముందే, 1943లో మొదలైంది. తర్వాత రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్ వైపు హెచ్ఏఎల్, ఐడీపీఎల్, హెచ్ఎంటీ. పెద్ద కర్మాగారం ప్రతి చిన్న భాగాన్నీ తానే చేసుకోదు. ఆ పని కోసం చుట్టూ షెడ్లు వెలుస్తాయి. షెడ్డు యజమాని అప్పో సొప్పో చేసి ప్రెస్ కొనుక్కోగలడు. ఆ ప్రెస్ కింద పెట్టే డైని ఎవరు గీయాలి? ఎవరు చెయ్యాలి? చిన్న పరిశ్రమ ఎక్కడైనా చిక్కుకునేది ఇక్కడే.

ఆ చిక్కు విప్పడానికే 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మొదలైంది. అందరూ సీఐటీడీ అంటారు. కేంద్ర ప్రభుత్వం పెట్టింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థ సాయం చేశాయి. యంత్రాల కేంద్రానికి కార్మిక సంస్థ సాయమేమిటని మొదట నాకూ అనిపించింది. డై అంటే ఏమిటో దగ్గరగా చూశాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

రేకులో గుండ్రంగా కన్నం పడాలనుకోండి. పైనుంచి దిగేది పంచ్, కింద దాన్ని అందుకునేది డై. రెండింటి మధ్య కాస్త సందు ఉండాలి. ఒక మిల్లీమీటరు ఇనుప రేకుకైతే ఆ సందు ఒక్కో వైపు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, అంటే సన్నటి వెంట్రుక మందం. సందు ఎక్కువైతే రేకు అంచున ముళ్లు లేస్తాయి. తక్కువైతే పంచ్ త్వరగా అరిగిపోతుంది, ఒక్కోసారి విరుగుతుంది. అంత లెక్కగా చేసిన ఉక్కును వెయ్యి డిగ్రీల దాకా కాల్చి గట్టిపరచాలి. ఆ వేడికి కొలత కొద్దిగా మారుతుంది. ఎంత మారుతుందో ముందే ఊహించి, సానపట్టడానికి అంత వదిలిపెట్టాలి. ఇదంతా పుస్తకం చదివితే రాదు, ఏళ్ల తరబడి చేస్తేనే వస్తుంది.

అందుకే సీఐటీడీలో బడీ పనీ ఒకే ఆవరణలో ఉంటాయి. చిన్న పరిశ్రమలకు డైలు, అచ్చులు గీసి, చేసి ఇస్తారు. ఉక్కు గట్టిపరుస్తారు, కొలిచే పరికరాలు సరిచూస్తారు. ఏ షెడ్డూ సొంతంగా కొనలేని యంత్రం మీద రుసుము కట్టి పని చేయించుకోవచ్చు. వచ్చిన డబ్బును పంచుకునే వాటాదారులు లేరు. లాభం కోసం నడిచే దుకాణం ఇంత ఓపిగ్గా పదో తరగతి పిల్లాడికి నాలుగేళ్ల డిప్లొమా నేర్పుతుందని నేననుకోను.

బాలానగర్‌కు మా ఊరితో ఇంకో చుట్టరికం ఉంది. 1970లో అక్కడే పుట్టిన ఎంటార్ అనే ప్రైవేటు సంస్థ అణు రియాక్టర్లలో ఇంధనం మార్చే యంత్రాల తలలు తయారుచేస్తుంది. ఆ రియాక్టర్లలో పోసేది భారజలం. గోదావరి నీళ్ల నుంచి దాన్ని వేరుచేసేది మా మణుగూరు కర్మాగారం. మన అడవి అంచు నీళ్లూ, వాళ్ల ఇనుమూ ఒకే రియాక్టర్‌లో కలుస్తున్నాయి. ఇది తెలిసిన రోజు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఇప్పుడు రాయదుర్గంలో టీ-వర్క్స్ కూడా ఉంది. 2023 మార్చి 2న ప్రారంభమైంది, 78,000 చదరపు అడుగులు. ఇదీ లాభాపేక్ష లేనిదే. మనసులో ఉన్న వస్తువుకు మొదటి నమూనా చేసుకోవాలంటే అక్కడికి వెళ్తారు. సీఐటీడీకి విజయవాడలో శాఖ ఉంది. నమూనా ఒకచోట, డై ఇంకోచోట దొరుకుతున్నాయి. రెండూ మాకు దూరమే. ఇంత బొగ్గు, ఇంత కరెంటు ఇచ్చే మణుగూరుకు ఒక సీఐటీడీ శాఖ రావాలని నా గట్టి కోరిక.

మొన్న లేత్ షాపుకు వెళ్తే, విరిగిన భాగాన్ని పాత పేపర్లో చుట్టి రాత్రి రైలుకు సిద్ధం చేస్తున్నాడు.

"అన్నా, సీఐటీడీలో మా వాణ్ని చేర్చుకుంటారా?" అని అడిగాడు.

పది పాసై, ప్రవేశ పరీక్ష రాయాలని చెప్పాను. ముందు బెంచి వైస్ దగ్గర నిలబెట్టి ఇనుప ముక్కను ఆకురాయితో నాలుగు వైపులా సరిగ్గా వచ్చేదాకా రాకించినా ఆశ్చర్యపోవద్దన్నాను. చేతులు పొక్కులెక్కుతాయని కూడా అన్నాను.

పొట్లం దారంతో ముడివేసి పక్కన పెట్టాడు. గోడకు వేలాడుతున్న ఆకురాయి తీసి, వేలితో దాని పళ్లు తడిమి చూశాడు.

"అది నేనే నేర్పి పంపుతా" అన్నాడు.